సైలెంట్ సర్వీస్ (1985): పేలని టార్పెడోలు ఆన్‌లో పెట్టి ఆడాలా, వద్దా?

లోతునీరు:
అందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సబ్‌మెరైన్ నడిపే ఆట, సిడ్ మైయర్ చేసిన సైలెంట్ సర్వీస్‌ని చాలా ఏళ్ల తర్వాత డాస్‌బాక్స్‌లో (పాత ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లో నడిపే ప్రోగ్రాం) మళ్లీ మొదలుపెట్టాను. చిన్నప్పుడు మా అన్నయ్య మ్యాప్ చూసేవాడు, నేను పెరిస్కోప్ చూసేవాణ్ణి. కీబోర్డులో ఏ మీటలు ఎవరివో ముందే పంచుకునేవాళ్లం. అప్పట్లో రియాలిటీ లెవెల్స్ (ఆటని నిజానికి దగ్గరగా, కష్టంగా మార్చే ఏడు ఆప్షన్లు) అన్నీ ఆఫ్‌లోనే ఉండేవి, అసలు ఆన్ చేయాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. ఇప్పుడు ఏడూ ఆన్ చేశాను. మూడు గస్తీలు తిరిగాను, ఒక్క ఓడ మునగలేదు. నిన్న రాత్రి ఒక పెద్ద ట్యాంకర్ దొరికింది, నాలుగు టార్పెడోలు వదిలితే రెండు పక్కనుంచి పోయాయి, రెండు తగిలి కూడా పేలలేదు, ఈలోపు సబ్‌మెరైన్లని వేటాడే డిస్ట్రాయర్ ఓడ వచ్చి మీద పడింది.

రెండు విషయాలు అడగాలి. ఒకటి, యాంగిల్ ఆన్ ద బో మనమే ఇవ్వాల్సి వచ్చినప్పుడు గురి ఎలా పెట్టాలి? రెండు, డడ్ (తగిలినా పేలని) టార్పెడోల ఆప్షన్ మీరు ఆన్‌లో ఉంచుతారా? నాకైతే చాలా చిరాగ్గా ఉంది, కానీ ఆఫ్ చేయడానికి మనసు రావట్లేదు.

గస్తీదారు:
ముందు డాస్‌బాక్స్ సైకిల్స్ (ఆట నడిచే వేగం) చూసుకోండి. ఇలాంటి పాత ఆటలు అప్పటి ప్రాసెసర్ వేగాన్ని నమ్ముకుని రాసినవి. సైకిల్స్ ఎక్కువగా ఉంటే డిస్ట్రాయర్ తెర మీద పరుగెత్తుకొస్తుంది, మీకు గురి చూసుకునే టైమే ఉండదు. కంట్రోల్ ఎఫ్11 కొడితే తగ్గుతుంది, ఎఫ్12తో పెరుగుతుంది. ఆటలో గడియారం మామూలుగా నడుస్తోంది అనిపించేదాకా తగ్గించండి. సగం సమస్య ఇదే అయ్యుండొచ్చు.

కోణమానిని:
గురి సంగతి నేను చెప్తాను, ఈ ఆటలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

యాంగిల్ ఆన్ ద బో అంటే ఏమీ లేదు, ఎదుటి ఓడ ముక్కు దగ్గర ఒకడు నిలబడి ఉన్నాడనుకోండి, వాడికి మనం ఎంత పక్కగా కనిపిస్తున్నామో ఆ కోణం. ఓడ నేరుగా మన మీదకే వస్తుంటే 0, మన ముందు అడ్డంగా దాటుతుంటే 90, వెళ్లిపోతూ వెనక భాగం చూపిస్తుంటే 180. ఆ ఆప్షన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎంత ముందుకి గురిపెట్టాలో ఆటలోని టీడీసీ (టార్పెడో గురి లెక్కగట్టే యంత్రం) తనే లెక్క కట్టి పెడుతుంది. ఆన్ చేశాక ఆ లెక్క మనదే.

లెక్క ఇలా ఉంటుంది. అమెరికా సబ్‌మెరైన్లు వాడిన మార్క్ 14 టార్పెడో ఎక్కువ వేగంలో 46 నాట్లు (ఓడల వేగం కొలత) పోతుంది. సరుకు ఓడ 8 నాట్లలో అడ్డంగా పోతోందనుకుందాం. 8ని 46తో భాగిస్తే 0.174, దానికి సైన్ విలోమం తీస్తే 10 డిగ్రీలు. అంటే ఓడ ఇప్పుడున్న చోటికి 10 డిగ్రీలు ముందుకి గురిపెట్టాలి. 18 నాట్ల ఓడైతే 23 డిగ్రీలు. కోణం 90 కాకపోతే ఆ కోణం సైన్‌తో ముందు గుణించాలి. నేను 8, 10, 12, 15, 18 నాట్లకి చిన్న పట్టిక రాసి మానిటర్ పక్కన అంటించుకున్నాను, ఇప్పుడు అది చూడకుండానే చెప్పగలను.

ఇంకో మాట, చాలామంది దూరం విషయంలో తొందరపడతారు. 46 నాట్లంటే సెకనుకి దాదాపు 24 మీటర్లు. 1500 గజాలు పోవడానికి 58 సెకన్లు పడుతుంది. ఈలోపు 8 నాట్ల ఓడ 240 మీటర్లు జరిగిపోతుంది, 120 మీటర్ల ఓడైతే తన పొడవుకి రెండింతలు. అదే 3000 గజాల నుంచి వదిలితే దాదాపు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో కాన్వాయ్ జిగ్‌జాగ్‌లో ఒక్క మలుపు తిరిగిందంటే మీ టార్పెడోలన్నీ ఖాళీ నీళ్లలోకే. మీకు పక్కనుంచి పోయిన రెండూ ఎంత దూరం నుంచి వదిలారు?

లోతునీరు:
2800 గజాలు. అర్థమైంది అన్నా.

కోణమానిని:
అయితే అదే కారణం. 1500 లోపలికి రండి, కుదిరితే 1000. అడ్డంగా, అంటే 90 దగ్గర దొరికేలా ముందే వెళ్లి కాచుకోండి. 90 దగ్గర మీ అంచనా 15 డిగ్రీలు తప్పినా గురి అర డిగ్రీ కూడా మారదు. అదే 30 దగ్గర, మీరు 30 అనుకున్నది నిజానికి 45 అయితే రెండు డిగ్రీల తేడా వస్తుంది, పైగా ఓడ సన్నగా కనబడుతుంది కాబట్టి ఆ రెండు డిగ్రీలే తప్పిపోవడానికి చాలు. ఇక మీ సబ్‌మెరైన్ ముక్కు కూడా వీలైనంత గురి వైపే ఉండాలి, టార్పెడో ట్యూబ్ నుంచి బయటికొచ్చాక ఎక్కువ తిరగాల్సిన పని లేకుండా. ఈ ఆటలో యుద్ధం అంటే కాల్చడం కాదు, కాల్చే చోటికి చేరడం. అది ఒంటబడితే మిగతాది ఒక్క మీట నొక్కడమే.

టార్పెడోగది:
రెండో ప్రశ్నకి నా జవాబు: ఆఫ్ చేసేయండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను.

గంటసేపు కాన్వాయ్‌ని వెంబడించి, బ్యాటరీ చూసుకుని, పెరిస్కోప్ పైకెత్తి దించి, లెక్క కట్టి, సరిగ్గా కొట్టాక ఆట లోపల ఎక్కడో ఒక పాచిక పడి "పేలలేదు" అంటే అందులో నేను నేర్చుకునేది ఏముంది? జిగ్‌జాగ్ కష్టమే, కానీ కాసేపు చూస్తే ఎటు తిరుగుతుందో పసిగట్టొచ్చు. ఎక్స్‌పర్ట్ డిస్ట్రాయర్లు కష్టమే, కానీ తప్పించుకునే పద్ధతి ఉంది. గురి కష్టమే, పైన కోణమానిని గారు ఎంత బాగా చెప్పారో చూశారు. వీటన్నిటిలోనూ నా తప్పు ఏంటో నాకు తెలుస్తుంది. డడ్ విషయంలో నా తప్పంటూ లేదు. తప్పు లేని చోట శిక్ష వేసే నియమం ఆటకి చెడ్డదని నా అభిప్రాయం.

పాతఫ్లాపీ:
టార్పెడోగది గారూ, మీ వాదన నాకు అర్థమైంది కానీ ఆ ఆప్షన్ వెనక ఉన్న అసలు కథ తెలిస్తే మీరు దాన్ని పాచిక అనరేమో. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పసిఫిక్‌లో అమెరికా సబ్‌మెరైన్లు 1941 డిసెంబరులో యుద్ధంలోకి దిగినప్పుడు మార్క్ 14లో ఒకటి కాదు, మూడు లోపాలున్నాయి. ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. అందుకే బయటపడటానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

మొదటిది, సెట్ చేసినదానికన్నా లోతుగా పరుగెత్తేది. ఓడ కిందనుంచి వెళ్లిపోయేది. గస్తీ నుంచి వచ్చిన కెప్టెన్లు ఈ మాట చెబితే మీ గురి బాగాలేదు అన్నారు. చివరికి 1942 జూన్‌లో అక్కడి అమెరికా సబ్‌మెరైన్ల కమాండర్ చార్లెస్ లాక్‌వుడ్ పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆల్బనీ దగ్గర ఫ్రెంచ్‌మన్ బేలో చేపల వల కట్టించి దాని మీదకి టార్పెడోలు వదిలించాడు. 10 అడుగులకి సెట్ చేసినది 25 అడుగుల దగ్గర వలని చింపుకుని పోయింది. ఎంత సింపుల్ పరీక్ష చూడండి, ఒక వల. యుద్ధానికి ముందు డబ్బు మిగుల్చుకోవడం కోసం అసలు వార్‌హెడ్‌తో (పేలుడు మందు ఉండే తల) పరీక్షలే సరిగా చేయలేదు, ఒక్కో టార్పెడో ఖరీదు 10,000 డాలర్ల దాకా ఉండేది మరి. పరీక్షలకి వాడే తల తేలిక, యుద్ధానికి పెట్టే తల బరువు, ఆ తేడా వల్లే లోతు లెక్క తప్పింది. దానికి తోడు లోతు కొలిచే పరికరం కూడా నీటి ప్రవాహం వల్ల ఒత్తిడి తక్కువగా కనబడే చోట ఉంది.

సరే, లోతు సరిచేశారు. అప్పుడు రెండోది బయటపడింది. ఓడ ఇనుముకి స్పందించి కింద పేలాల్సిన మార్క్ 6 అయస్కాంత ఎక్స్‌ప్లోడర్ (టార్పెడోని పేల్చే పరికరం) దారిలోనే పేలిపోయేది. లాక్‌వుడ్ పెర్ల్ హార్బర్‌కి మారాక 1943 జూన్‌లో దాన్ని ఆపేయమని ఆదేశాలు వచ్చాయి. ఇక తగిలినప్పుడు మాత్రమే పేలాలి. అప్పుడు మూడోది బయటపడింది, ఇదే అన్నిటికన్నా దారుణం.

1943 జులై 24న ట్రక్ దీవులకి పశ్చిమంగా టినోసా అనే సబ్‌మెరైన్‌కి టోనన్ మారు నంబర్ 3 అనే జపాన్ ఓడ దొరికింది. 19,000 టన్నుల ఓడ, వెంట డిస్ట్రాయర్ లేదు. కెప్టెన్ డాన్ డాస్‌పిట్ మొదట వదిలినవాటితో ఓడ ఆగిపోయింది. ఆగిపోయిన ఓడ! దానికి అడ్డంగా, సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడి ఒక్కొక్కటిగా కొట్టాడు. మొత్తం 15 వదిలాడు, 11 తగిలి కూడా పేలలేదు. మిగిలిన ఒక్కదాన్ని కాల్చకుండా, మీరే చూసుకోండి అని బేస్‌కి వెనక్కి తెచ్చాడు.

తర్వాత హవాయిలోని కహోలావే దీవి కొండ మీదకి టార్పెడోలు కాల్చి చూశారు, పేలనిదాన్ని నీళ్లలోంచి తీసి విప్పారు. క్రేన్‌తో 90 అడుగుల ఎత్తు నుంచి ఇనుప పలక మీద పడేస్తే పదిలో ఏడు పేలలేదు. కారణం ఏంటంటే, నిటారుగా గట్టిగా తగిలినప్పుడు ఫైరింగ్ పిన్ దారి వంగిపోయి అది మందు అంటించే క్యాప్‌ని సరిగా కొట్టలేకపోయేది. ఏటవాలుగా తగిలితే మాత్రం చాలావరకు పేలేది.

ఇప్పుడు కోణమానిని గారు పైన రాసింది మళ్లీ చదవండి. 90 దగ్గర కాచుకోమన్నారు కదా, పుస్తకం చెప్పేది కూడా అదే. ఎవరు పుస్తకం ప్రకారం అద్భుతంగా కొట్టారో వాళ్ల టార్పెడోలే పేలలేదు. సరిగా కుదరక ఏటవాలుగా కొట్టినవాళ్లవి పేలాయి. రెండేళ్ల పాటు మంచి కెప్టెన్లు తమ మీదే అనుమానం పెంచుకున్నారు. నాకు ఇది చదివిన ప్రతిసారీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది. ఆటలో టక్కుమని తగిలి పేలనప్పుడు మీకు కలిగే ఆ మంట వాళ్లు అనుభవించినదాంట్లో వెయ్యో వంతు, ఆ వంతైనా ఆటలో ఉండాలి అంటాను.

గస్తీదారు:
తేలికైన కొత్త పిన్‌లు చేసినప్పుడు కొన్నిటికి పెర్ల్ హార్బర్ దాడిలో కూలిన జపాన్ విమానాల ప్రొపెల్లర్ లోహాన్ని వాడారని కూడా చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది.

టార్పెడోగది:
చాలా మంచి పోస్ట్ పాతఫ్లాపీ గారూ, టినోసా సంగతి నాకు పేరు వరకే తెలుసు, ఇంత వివరంగా తెలీదు. కానీ చూడండి, మీ కథే నా వాదనకి బలం ఇస్తోంది. అసలు యుద్ధంలో అది పాచిక కాదు. దానికి కారణం ఉంది, లోతు తగ్గిస్తే, ఏటవాలుగా కొడితే ఫలితం మారేది. ఆటలో నేను కోణం మార్చి మార్చి కొట్టి చూశాను, నాకు తేడా ఏమీ కనబడలేదు. 90లో కొట్టినా 45లో కొట్టినా కొన్ని పేలుతాయి, కొన్ని పేలవు. ఏటవాలుగా కొడితే పేలేలా ఆటలో పెట్టి ఉంటే నేనే అందరికంటే ముందు ఆన్ చేసేవాణ్ణి. కారణం తీసేసి బాధ మాత్రమే మిగిల్చారు, నా అభ్యంతరం అదొక్కటే.

పాతఫ్లాపీ:
ఇది ఒప్పుకుంటాను. 64 కిలోబైట్ల మెమరీ ఉన్న కమోడోర్ మీద నడవాల్సిన ఆట, అందులోనే మ్యాప్, పెరిస్కోప్, గేజ్‌లు, డ్యామేజ్ రిపోర్ట్, పగలు రాత్రి తేడా అన్నీ ఇరికించారు. పిన్ వంగే కోణం దాకా వెళ్లే చోటు ఉండదు. అయినా మీరన్నది నిజమే, అది తెలిసిన కెప్టెన్‌కి ఆటలో ఏ లాభమూ లేదు.

నీలికెరటం:
ఇద్దరి మాటల్లో ఒక విషయం రాలేదు. డడ్ ఆప్షన్ వల్ల మారేది ఒక్క దెబ్బ ఫలితం కాదు, గస్తీ మొత్తం ఎలా నడపాలన్నది మారుతుంది. మనం నడిపే అమెరికా గాటో క్లాస్ సబ్‌మెరైన్‌లో ముందు ఆరు ట్యూబులు, వెనక నాలుగు, మొత్తం 24 టార్పెడోలు. డడ్‌లు ఆఫ్‌లో ఉంటే ఒక ఓడకి రెండు చాలు అనుకుంటాను, కాన్వాయ్‌లో మూడు నాలుగు ఓడల మీద ఆశ పెట్టుకుంటాను. ఆన్‌లో ఉంటే ఒక మంచి ఓడని ఎంచుకుని దానికి మూడు, ఒక్కోసారి నాలుగు ఇస్తాను, మిగతావాటిని వదిలేస్తాను. వెనక ట్యూబులు ఎప్పుడూ నిండుగా ఉంచుకుంటాను. ఏ ఓడని వదిలేయాలి అని ఆలోచించడం మొదలయ్యాకే నాకు ఈ ఆట పూర్తిగా నచ్చింది.

మొన్నటి గస్తీ చెప్తాను. బ్రిస్బేన్ నుంచి బయల్దేరాను. రాత్రి పూట మూడు సరుకు ఓడలు, ఒక ట్యాంకర్, రెండు డిస్ట్రాయర్ల కాన్వాయ్ దొరికింది, కానీ అప్పటికే నన్ను దాటిపోతోంది. నీళ్ల కింద గాటో గరిష్ఠ వేగం 9 నాట్లు, ఆ వేగంలో బ్యాటరీ ఎంతోసేపు రాదు. వెంబడించడం కుదరదు. పైకి తేలి, వాళ్ల కంటికి అందనంత దూరంలో పక్కగా 20 నాట్లలో చుట్టు తిరిగి వాళ్ల కన్నా ముందుకి వెళ్లాను. నిజం యుద్ధంలో కూడా ఇదే చేసేవాళ్లు, ఎండ్ అరౌండ్ అంటారు. ముందుకి చేరాక మునగలేదు. రాత్రి కాబట్టి పైనే ఉండి, ముక్కు వాళ్ల వైపు తిప్పి సన్నగా కనబడేలా, ఇంజన్లు దాదాపు ఆపేసి కూర్చున్నాను. అన్నిటికన్నా కష్టమైన పని అదే, ఏమీ చేయకుండా కూర్చోవడం. 1200 గజాల దగ్గర ట్యాంకర్‌కి నాలుగు ఇచ్చాను. ఒకటి పేలలేదు, ఒకటి ఓడ ముందునుంచి దాటిపోయింది, రెండు పేలాయి. సరుకు ఓడలు మూడూ నా ఎదురుగానే ఉన్నాయి, ముందు ట్యూబుల్లో ఇంకా రెండు ఉన్నాయి. వాటిని వదల్లేదు. నీళ్ల కిందకి దిగిపోయాను. డిస్ట్రాయర్ నేను ఉన్న చోటికి వచ్చేసరికి నేను 250 అడుగుల కింద ఉన్నాను.

టార్పెడోగది:
ఆ రెండూ వదలకుండా ఆపుకున్నారు చూడండి, అది నాకు రాదు. సరే, ఒక గస్తీ డడ్‌లు ఆన్‌లో పెట్టి మీలా ఆడి చూస్తాను.

పాతబాకీ:
ఏసెస్ ఆఫ్ ద డీప్ ఆడినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? 1994లో డైనమిక్స్ చేసింది, జర్మన్ యూబోట్ వైపు నుంచి. అందులో సిబ్బంది గొంతులు, పైన డిస్ట్రాయర్ ప్రొపెల్లర్ చప్పుడు దగ్గరయ్యేది, సీడీలో నిజంగా యూబోట్లలో పనిచేసినవాళ్ల ఇంటర్వ్యూలు కూడా ఉండేవి. నా దృష్టిలో టెన్షన్ విషయంలో దాన్ని కొట్టేది రాలేదు. 1996లో సైలెంట్ హంటర్ మళ్లీ పసిఫిక్‌కి వచ్చింది, అది కూడా బాగుంటుంది.

గస్తీదారు:
ఏసెస్‌కి వేరే చర్చ మొదలుపెట్టండి, నేనూ వస్తాను, చెప్పాల్సింది చాలా ఉంది. ఇక్కడ సైలెంట్ సర్వీస్ వరకే ఉంచుదాం.

లోతునీరు:
అందరికీ చాలా థ్యాంక్స్. సైకిల్స్ తగ్గించాను, అదీ ఒక కారణమే. పట్టిక రాసుకున్నాను. డడ్‌లు ఆన్‌లోనే ఉంచుతున్నాను, టినోసా గురించి చదివాక ఆఫ్ చేయలేకపోయాను. నిన్న 1100 గజాల నుంచి ఒక సరుకు ఓడకి మూడు ఇచ్చాను, మొదటిది పేలలేదు, రెండోది పేలింది, మూడోది పేలింది. మునిగింది! అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను, ఎన్ని టన్నులు అని అడిగాడు.

ఇక నా సమస్య డిస్ట్రాయర్లు. కొట్టిన తర్వాత బయటపడలేకపోతున్నాను. లోతుకి పోయి ఫుల్ స్పీడ్‌లో పారిపోతాను, అయినా పట్టుకుంటున్నారు.

కోణమానిని:
ఫుల్ స్పీడే మిమ్మల్ని పట్టిస్తోంది. ప్రొపెల్లర్ చప్పుడు వాళ్లకి వినిపిస్తుంది.

నీలికెరటం:
నేను చేసేది చెప్తాను. టార్పెడోలు తగలకముందే మునగడం మొదలుపెడతాను, చూడాలనిపిస్తుంది కానీ చూడను. గేజ్‌లలో నీటి ఉష్ణోగ్రత గమనిస్తూ దిగండి, ఒక్కసారిగా పడిపోయిన చోటు ఉంటే అదే పొర. దాని కిందకి పోతే పైనుంచి వచ్చే సోనార్ (సబ్‌మెరైన్లని శబ్దంతో వెతికే పరికరం) శబ్దం వంగిపోతుంది, మిమ్మల్ని కనిపెట్టడం కష్టం. అప్పుడు సైలెంట్ రన్నింగ్, 2 నాట్లు. ఆ వేగంలో గాటో బ్యాటరీ 48 గంటలు వస్తుంది, 9 నాట్లలో అయితే ఒక గంట లెక్క. సరదాకి కాదు, ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. డిస్ట్రాయర్ ఎక్కడుందో చూసుకుని ముక్కో తోకో దానివైపు తిప్పి ఉంచండి, పక్క చూపిస్తే 95 మీటర్ల ఓడ మొత్తం సోనార్‌కి దొరుకుతుంది. డెప్త్ చార్జ్‌లు (డిస్ట్రాయర్ నీళ్లలోకి వేసే బాంబులు) పేలుతున్న ఆ కొన్ని క్షణాలు వాళ్లకీ ఏమీ వినపడదు, దిశ మార్చాలన్నా వేగం కాసేపు పెంచాలన్నా అప్పుడే. 300 అడుగులు ఈ రకానికి పరీక్షించిన లోతు, అది దాటితే మీ పూచీ.

పాతఫ్లాపీ:
దీనికి ఒక చిన్న చేర్పు. యుద్ధం మొదట్లో జపాన్ వాళ్లు డెప్త్ చార్జ్‌లని మరీ తక్కువ లోతుకి సెట్ చేసేవారు. 1943లో ఆండ్రూ మే అనే అమెరికా కాంగ్రెస్ సభ్యుడు ఆ సంగతి విలేకరుల ముందు చెప్పేశాడు, పేపర్లలో వచ్చింది. మొత్తం యుద్ధంలో 52 అమెరికా సబ్‌మెరైన్లు పోయాయి, దాదాపు 3,500 మంది. 300 అడుగుల కింద ఆ నిశ్శబ్దంలో కూర్చున్నప్పుడు నాకు ఆ అంకె గుర్తొస్తుంది, అందుకే గస్తీలో తొందరపడి సబ్‌మెరైన్‌ని పోగొట్టుకున్నప్పుడు వెంటనే మళ్లీ మొదలుపెట్టబుద్ధి కాదు.

టార్పెడోగది:
గస్తీ అయింది, డడ్‌లు ఆన్‌లోనే. 24 టార్పెడోలు, రెండు ఓడలు. తగిలి పేలనివి అయిదు. నా అభిప్రాయం మారలేదు, కోణానికి ఫలితం మారితే బాగుండేది. కానీ మూడో ఓడని చేతికి అందినా వదిలేశాను, అది నచ్చింది. ఇంకో గస్తీ ఆడతాను.

లోతునీరు:
ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉన్నారా? ఆల్ట్ పాజ్ కొట్టి ఆపి రాస్తున్నాను. ట్యాంకర్ మునిగింది, రెండు పేలాయి. 280 అడుగుల్లో ఉన్నాను, పొర కిందే. డిస్ట్రాయర్ ఒకటి వెళ్లిపోయింది, రెండోది గంట నుంచి పైనే తిరుగుతోంది. బ్యాటరీ సగం కన్నా తక్కువ. తెల్లారడానికి ఇంకా టైముంది. ఇప్పుడు ఉత్తరం వైపు నెమ్మదిగా జారుకోనా, లేక అది వెళ్లేదాకా కూర్చోనా?

నీలికెరటం:
అది మీకు ఎటు ఉంది?

లోతునీరు:
దక్షిణంగా, 900 గజాలు. దూరం పోతోంది, కానీ ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే పోయి తిరిగొచ్చింది.

నీలికెరటం:
అయితే ఉత్తరానికే, తోక దానివైపు ఉంచి, 2 నాట్లు దాటకుండా. తిరిగొచ్చినా దిశ మార్చకండి. పెరిస్కోప్ లోతుకి రావద్దు. దూరం 5000 గజాలు దాటితే అప్పుడు పైకి రావడం గురించి ఆలోచించండి, తెల్లారేలోపు బ్యాటరీ చార్జ్ అవ్వాలి కాబట్టి మరీ ఆలస్యం చేయకండి.

లోతునీరు:
సరే. పాజ్ తీస్తున్నాను.

లోతునీరు:
తిరిగొచ్చింది. నాలుగు వేసింది, అన్నీ వెనకే పడ్డాయి. దిశ మార్చలేదు. ఇప్పుడు 5400 గజాలు, చీకటి ఇంకా ఉంది. పైకి వస్తున్నాను.